కెమెరా తర్వాత కొందురు గానీ... ముందు లైటు పట్టుకోండి

"సార్, అరవై వేలలో మంచి కెమెరా ఏదైనా చెప్పండి."

డిగ్రీ ఫైనలియర్ పిల్లలు, బీటెక్ అయిపోయి ఇంటర్వ్యూల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నాన్నను ఒప్పించారు, అమ్మ చీటీ డబ్బులు ఎత్తింది, ఇక షాపుకెళ్లడమే తరువాయి. మాటలన్నీ బాడీ, లెన్సు, మెగాపిక్సెళ్ల చుట్టూ తిరుగుతాయి. "మరి లైటు సంగతి ఏం ఆలోచించావ్?" అని నేనంటే అవతల రెండు క్షణాలు మాట ఉండదు. తర్వాత ఒక నవ్వు నవ్వి, "అది ఎడిటింగులో చూసుకుంటాం సార్" అంటారు.

ఆ మాటతోనే నాకు పేచీ. ఎందుకో చెప్పాలంటే ఒక పాత సంగతి చెప్పాలి.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేక ఖాళీగా ఉన్న రోజుల్లో, సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న స్టూడియోలో చేరాను. పొద్దున్నే గొడుగుల మీద దుమ్ము దులపడం, మధ్యాహ్నం టీలు తేవడం, సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని ముఖాలు "క్లీన్" చేయడం. ఇదీ నా ఉద్యోగం. పెళ్లి సంబంధాల ఫొటోలకు అక్కడ ఒక అలిఖిత సూత్రం ఉండేది. ఎవరు వచ్చినా, ఏ ఛాయలో ఉన్నా, బయటికి వెళ్లేటప్పటికి ఫొటోలో అందరూ ఒకే రంగులో ఉండాలి. "కొంచెం కలర్ పెంచు తమ్మీ" అనేది మా ఓనరు రోజుకు పదిసార్లు అనే మాట.

ఒకరోజు తల్లీకూతుళ్లు వచ్చారు. అమ్మాయిది చక్కటి చామనఛాయ. పెద్ద కళ్లు. ఎప్పటిలాగే ఎదురుగా రెండు గొడుగు లైట్లు పెట్టి ధనాధన్ కొట్టేశాం. ఎప్పటిలాగే నేను కలర్ పెంచేశాను. మర్నాడు వాళ్లమ్మ ప్రింటు తీసుకుని చాలాసేపు చూసింది. కోప్పడలేదు.

"ఫొటో బాగుంది బాబూ. కానీ ఇది మా పిల్ల కాదు. రేపు చూపులకొచ్చినవాళ్లు ఈ ఫొటోలో పిల్ల ఏదమ్మా అని అడిగితే, దాని ముందు నేనేం చెప్పాలి?"

నా దగ్గర జవాబు లేదు. అక్కడ పదేళ్లుగా లైట్లు పట్టుకుంటున్న ఒకాయన ఉండేవాడు. అందరం 'లైటన్న' అనేవాళ్లం. చదువు ఏడో తరగతి. ఆయన లేచి, "అమ్మాయిని ఇంకోసారి తీసుకురండమ్మా, డబ్బులొద్దు" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన చేసింది చూడండి. ఎదురుగా ఉన్న రెండు లైట్లూ ఆపేశాడు. మూలన పడున్న పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ను అమ్మాయికి ఎడమ పక్కకి, దాదాపు చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి తెచ్చాడు. దాన్ని సూటిగా ముఖానికి కాకుండా కొంచెం ముందుకు తిప్పి, అంచు వెలుతురు మాత్రమే ముఖం మీద పడేలా చేశాడు. కుడి పక్కన నా చేతికి ఒక థర్మకోల్ షీటు ఇచ్చి "కదలకు" అన్నాడు. నాలుగు ఫొటోలు. అంతే.

కంప్యూటర్‌లో తెరిచి చూస్తే నేను ముట్టుకోవడానికి ఏమీ లేదు. చామనఛాయ చామనఛాయగానే ఉంది. చెంప మీద, నుదుటి మీద మెత్తటి మెరుపు. ముఖానికి ఒక ఆకారం వచ్చింది. వాళ్లమ్మ ఆరు కాపీలు అడిగింది.

ఎడిటింగులో చూసుకుంటాం అనే మాట మానేసింది నేను ఆ రోజే.

లైటన్న చేసింది మంత్రమేమీ కాదు. ఇంటర్ ఫిజిక్సు. మార్కుల కోసం మీరు బట్టీ కొట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన పాఠం. దీపం నుంచి దూరం రెట్టింపయితే వెలుతురు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. దీన్ని స్టూడియోలోకి తెచ్చుకోండి. లైటుకు మూడడుగుల్లో మనిషి, ఆరడుగుల్లో గోడ ఉంటే, ముఖం మీద పడినదాంట్లో నాలుగో వంతే గోడ మీద పడుతుంది. తెల్లగోడ ముదురు బూడిద రంగులోకి దిగిపోతుంది. ఇప్పుడు లైటును వెనక్కి లాగి మనిషికి పదడుగుల దూరంలో పెట్టండి, గోడ మాత్రం మనిషి వెనక అదే మూడడుగుల్లో ఉంది. ఈసారి ముఖం మీద పడినదాంట్లో సగానికి పైనే గోడకూ చేరుతుంది. గోడ తెల్లగా కనిపిస్తుంది. గోడా అదే, మనిషీ అతనే. లైటు స్టాండు జరిపితే బ్యాక్‌గ్రౌండు మారింది. ఇది అర్థమైనవాడికి రంగురంగుల పరదాలు కొనే ఖర్చు చాలావరకు తప్పుతుంది.

రెండో సంగతి మెత్తదనం. పవర్ తగ్గిస్తే వెలుతురు మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. మనిషి వైపు నుంచి చూస్తే లైటు ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదే లెక్క. మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకంటే ఎన్నో లక్షల రెట్లు పెద్దవాడే. కానీ అంత దూరం నుంచి చిన్న బిళ్లలా కనిపిస్తాడు కాబట్టి ముక్కు కింద కత్తితో కోసినట్టు నీడ పడుతుంది. అదే మబ్బు పట్టిందనుకోండి, ఆకాశమంతా లైటే అవుతుంది, నీడ కరిగిపోతుంది. మూడడుగుల సాఫ్ట్‌బాక్సు ముఖం పక్కనే ఉంటే మబ్బు ఆకాశం. దాన్నే హాలు చివర పెడితే మళ్లీ సూర్యుడే. అందుకే లైటన్న దాన్ని అంత దగ్గరికి లాగాడు.

ఇక మన ఛాయల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే మన ఊళ్లో ఈ వృత్తి పరువు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కెమెరాలోని మీటరు తెలివైనదేమీ కాదు. తన ముందున్నది ఏదైనా సగటు బూడిద రంగులో ఉంటుందనుకుని లెక్క కడుతుంది. తెల్ల పట్టుపంచెలో నల్లటి పెళ్లికొడుకును ఫ్రేములో పెట్టండి. అది పంచెను చూసి జడిసి మొత్తం ఫొటోను చీకటి చేస్తుంది, ముఖం మాయమవుతుంది. నల్ల సూటు తొడిగితే వెలుతురు పెంచేసి ముఖం పాలిపోయేలా చేస్తుంది. ఫిల్ము కాలంలో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ ల్యాబులకు పంపిన 'షర్లీ' కార్డుల మీద చాలా ఏళ్లు ఉన్నది తెల్లజాతి యువతుల బొమ్మలే. అంటే మన ముఖాలను లెక్కలోకి తీసుకోని పరికరాలతోనే మన పెద్దల పెళ్లి ఆల్బములన్నీ తయారయ్యాయి. ఇప్పటి కెమెరాలు ఎంతో మెరుగు. మన అలవాట్లే మెరుగుపడలేదు.

నల్లటి ముఖానికి కావలసింది ఎక్కువ పవరు కాదు. పెద్ద లైటు, పక్క నుంచి. ఎదురుగా పవర్ పెంచి కొడితే చర్మం తెల్లబడదు, చదునవుతుంది. పెద్ద సాఫ్ట్‌బాక్సు పక్కన ఉంటే దాని ప్రతిబింబం చెంప మీద మెరుపుగా పడి ఎముక ఆకారాన్ని చూపిస్తుంది. నమ్మకం లేకపోతే రేపు పొద్దున్నే మోండా మార్కెట్‌కు వెళ్లి ఒక నల్ల వంకాయ, ఒక కోడిగుడ్డు తెచ్చుకోండి. నవ్వకండి. నేను ఎవరికి నేర్పినా మొదటి వారం మనిషిని ఫొటో తీయనివ్వను, వంకాయనే తీయిస్తాను. టేబుల్ మీద రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే లైటుతో, గుడ్డులో నీడ ఎటు నుంచి ఎటు కరుగుతోందో చూడండి. వంకాయలో నీడ కనిపించదు, దాని మీద మీ లైటు ఆకారమే తెల్లగా కనిపిస్తుంది. టార్చి పెడితే చుక్క. ట్రేసింగ్ పేపర్ అడ్డుపెడితే మెత్తటి పట్టీ. గుడ్డును నీడతో చెక్కుతాం, వంకాయను మెరుపుతో చెక్కుతాం. మనలో చాలామంది ముఖాలు ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటాయి. పెళ్లికూతురి మెడలోని కాసులపేరుదీ ఇదే కథ. చిన్న ఫ్లాషుతో ప్రతి కాసు మీదా ఒక గుచ్చుకునే చుక్క పడుతుంది. పెద్ద లైటుతో బంగారం బంగారంలా కనిపిస్తుంది.

కళ్లద్దాల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. అద్దాల్లో లైటు కనిపిస్తోందని చాలామంది కళ్లజోడు తీసెయ్యమంటారు. తీయనక్కర్లేదు. లైటు ఏ కోణంలో వస్తే అదే కోణంలో వెనక్కి పోతుంది కాబట్టి లైటును కొంచెం పైకో పక్కకో జరిపినా, గడ్డం కొంచెం దించమన్నా ఆ తెల్లమచ్చ కెమెరా కంట పడకుండా పోతుంది. అమెరికా వీసా ఫొటోకు మాత్రం 2016 నవంబరు నుంచి కళ్లజోడు తీయాల్సిందే, అది వాళ్ల నిబంధన.

ఇంజినీరు చదివి, మన ఊళ్లో స్టూడియో పెట్టి...

"బీటెక్ చదివి ఫొటోలు తీస్తావా?" అని ఇంట్లో అడిగితే మీకు ఒక పేరు చెబుతాను, రాసిపెట్టుకోండి. లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కాలేజీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే సర్కారీ కొలువు, పెన్షన్ గ్యారంటీ. కెమెరా పట్టింది దాదాపు ముప్ఫై ఏళ్ల వయసులో, 1874 ప్రాంతంలో. మొదట అది ఉద్యోగానికి పక్కన ఒక సరదా. పదేళ్లు తిరిగేసరికి ఉద్యోగమే పక్కకు పోయింది.

1880ల మధ్యలో ఆయన వచ్చి స్టూడియో పెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ను ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ను చేసి, 1894లో 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' అనే బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1897లో విక్టోరియా రాణి నుంచి కూడా గుర్తింపు వచ్చింది. 1905లో చనిపోయాడు. ఆయన గాజు నెగెటివ్‌లలో రెండు వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు కూడా వేసింది. అయినా రోజూ ఆర్పీ రోడ్డు మీదుగా కాలేజీకి వెళ్లే మీలో ఎంతమందికి ఈ పేరు తెలుసు?

దీన్‌దయాళ్ పోర్ట్రెయిట్లను ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. నవాబుల ముఖాలను చూడండి, షేర్వానీ మీద జరీని చూడండి. ఇవాళ మనం కొనుక్కునే స్టూడియో ఫ్లాషుల్లాంటివి ఆ రోజుల్లో లేవు. అప్పటి స్టూడియోలకు కరెంటు లైట్లకు బదులు అద్దాల పైకప్పులు, పెద్ద కిటికీలు ఉండేవి. పరదాలు లాగుతూ, దించుతూ వెలుతురును మనిషి మీదికి మళ్లించేవాళ్లు. ఈనాటి సాఫ్ట్‌బాక్సు అంటే ఏమిటనుకున్నారు? ఆ కిటికీని స్టాండుకు తగిలించుకుని ఎక్కడికైనా మోసుకుపోవడమే. మీ హాస్టల్ గదికీ ఒక కిటికీ ఉంది కదా. దానికి పాత తెల్ల పంచె ఒకటి కట్టండి. మీ మొదటి స్టూడియో లైటు ఖర్చు సున్నా.

ఇక్కడ ఒక చిన్న పిడకల వేట. ఇంగ్లిష్ పుస్తకాలన్నీ ఉత్తరం కిటికీ వెలుతురే పోర్ట్రెయిట్‌కు మంచిదంటాయి, ఎండ నేరుగా పడదు కాబట్టి. యూరప్‌కు అది దాదాపుగా నిజం. మన హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపే ఉంటాడు. మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో నిటారుగా ఉన్న స్తంభానికి నీడే పడని రోజులు వస్తాయి, పేపర్లలో చూసే ఉంటారు. కాబట్టి ఆ మూడు నెలలూ పుస్తకాన్ని పక్కన పెట్టి మీ కిటికీని నమ్ముకోండి. ఏ పాఠాన్నయినా మన ఊరి ఎండలో ఒకసారి ఆరబెట్టి చూసుకోవాలి.

దీన్‌దయాళ్ సంగతుల్లో ఇంకొకటి నాకు చాలా ఇష్టం. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ఆయన ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక బ్రిటిష్ మహిళ చేతికి అప్పగించాడు. అమ్మాయిలూ, ఇది మీ కోసం చెబుతున్నా. ఇప్పటికీ పెళ్లికూతురిని చేసే రోజున, సీమంతానికి, పసిబిడ్డల ఫొటోలకు "లేడీ ఫొటోగ్రాఫర్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగే ఇళ్లు ఎన్నో. ఉన్నవాళ్లు తక్కువ. రాత్రి రెండింటి ముహూర్తం అయ్యాక ఇంటికెలా వెళ్లాలి, పదిహేను కిలోల లైట్ల బ్యాగు ఎవరు మోస్తారు అనే కష్టాలు నిజమే, వాటిని నేను తేలిక చేయను. ఇద్దరు ముగ్గురు కలిసి టీముగా మొదలుపెట్టమని నా సలహా.

ముందు వరుస మాయం

ఇప్పుడు నా పరువు నేనే తీసుకుంటాను. సొంతంగా ఒప్పుకున్న తొలి పనుల్లో ఒకటి తెలిసినవాళ్ల ఇంట్లో షష్టిపూర్తి. నలభై మంది గ్రూపు ఫొటో. దంపతులు, వాళ్ల తోబుట్టువులు ముందు వరుసలో కుర్చీల్లో. కొడుకులు, కోడళ్లు, మనవళ్లు వెనక నిలబడ్డారు. రెండు ఫ్లాషులు గొడుగులతో పెట్టాను. పిల్లలు కదులుతున్నారని షటర్ స్పీడు పెంచి 1/500లో పెట్టుకున్నాను. చిన్న స్క్రీనులో ఏదో నీడలా అనిపించింది గానీ, హడావుడిలో పట్టించుకోలేదు. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే గుండె జారిపోయింది. ప్రతి ఫొటోలోనూ అడుగు భాగమంతా నల్లటి పట్టీ. వెనక నిలబడ్డవాళ్లందరూ దివ్యంగా ఉన్నారు. ఎవరి షష్టిపూర్తో వాళ్లే లేరు.

కారణం చిన్నది. కెమెరాలో షటర్ అంటే రెండు తెరలు. ఒకటి తెరుచుకుంటూ వెళ్తుంది, రెండోది మూసుకుంటూ దాని వెనకాలే వెళ్తుంది. ఒక స్పీడు దాటితే మొదటిది పూర్తిగా తెరుచుకునేలోపే రెండోది బయలుదేరుతుంది. ఫ్లాషేమో ఒక్క క్షణకాలం వెలిగి ఆరిపోతుంది. ఆ క్షణంలో తెర చాటున ఉన్నవాళ్లకు చీకటే. చాలా కెమెరాల్లో ఆ హద్దు 1/200, 1/250 దగ్గర ఉంటుంది, దాన్నే సింక్ స్పీడు అంటారు. నా చవక ట్రిగ్గరు నన్ను హెచ్చరించలేదు. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ దంపతులను మర్నాడు కలిసి విషయం చెప్పి, డబ్బు తిరిగిచ్చి, ఇద్దరినీ కూర్చోబెట్టి మళ్లీ తీశాను. కానీ ఆ నలభై మంది మళ్లీ ఒకచోట చేరరు కదా.

అందుకే మీకు చెబుతున్నాను, మొదటి రోజే ఇది చేయండి. ఐఎస్‌వో 100, షటర్ 1/125, ఎఫ్/8. గదిలో ట్యూబులైట్లు ఆపండి, లేకపోతే వాటి రంగు కలిసి ముఖం మీద పచ్చదనం వస్తుంది. ఫ్లాష్ ఆపి ఒక ఫొటో కొట్టండి. పూర్తిగా నల్లగా రావాలి. వస్తే, ఇక ఆ ఫ్రేములో ఉండే ప్రతి వెలుతురు చుక్కా మీరు పెట్టిందే. ఒక్క లైటు వెలిగించండి. ముక్కు నీడ ఎటు పడుతోందో చూడండి. కళ్లలో తెల్లచుక్క ఉందో లేదో చూడండి. అది లేకపోతే కళ్లు నిర్జీవంగా ఉంటాయి. రెంబ్రాంట్ లైటింగ్, బటర్‌ఫ్లై లైటింగ్ అనే పేర్లు యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి. అవన్నీ ముక్కు నీడ పడే చోటుకు పెట్టిన పేర్లే. నీడను చూడటం వచ్చాక పేర్లు అవే గుర్తుంటాయి. ఒక నెలపాటు రెండో లైటు జోలికి వెళ్లొద్దు. థర్మకోల్ షీటు చాలు. నీడ బాగా నల్లగా ఉందా, షీటు దగ్గరికి తీసుకురండి. చదునుగా ఉందా, తీసెయ్యండి, లేదా అదే షీటుకు నల్లగుడ్డ కప్పండి.

ఫ్లాషా, ఎల్‌ఈడీనా అని అడుగుతారు. నేర్చుకోవడానికి ఎల్‌ఈడీ సుఖం, కంటికి కనిపించిందే ఫొటోలో వస్తుంది, వీడియోకూ పనికొస్తుంది. డబ్బా మీద సీఆర్‌ఐ 95కి తగ్గకుండా చూసుకోండి, లేకపోతే ఎర్రచీర ఇటుక రంగులో వస్తుంది. పవర్‌కు, కదులుతున్న మనిషిని గడ్డకట్టినట్టు పట్టుకోవడానికి ఫ్లాషే. చేత్తో సరిచేసుకునే మామూలు ఫ్లాషు, స్టాండు, గొడుగు కలిపినా మీరు కొనబోయే కెమెరా బాడీ ధరలో చిన్న భాగమే. కోఠిలో పాత సామాను వెతికితే ఇంకా తక్కువ. ఇంట్లో ఉన్న పాత కెమెరా చాలు, స్నేహితుడి కెమెరా అయినా సరే. మంచి లైటులో పాత కెమెరా తీసిన ఫొటోకూ, చెడ్డ లైటులో కొత్త కెమెరా తీసిన ఫొటోకూ పోటీ పెట్టి చూడండి.

మరి దీంతో పొట్ట నిండుతుందా?

దాచకుండా చెబుతాను. పాస్‌పోర్టు సైజు ఫొటోల దుకాణం పెట్టుకుని బతికేద్దామనుకుంటే వద్దు. పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లో పెద్దవాళ్ల ఫొటో కౌంటర్ దగ్గరే తీసేసుకుంటున్నారు. రెజ్యూమెకు సూటు తొడిగిన ఫొటోను ఏఐ యాప్ నిమిషంలో చేసిస్తోంది. ఫోన్లలో పోర్ట్రెయిట్ మోడ్ ఉంది. ఆ పని తగ్గుతుంది, తగ్గుతోంది.

కానీ అదే ఏఐ ఫొటోను అమెరికా వీసా దరఖాస్తులో పెట్టారనుకోండి, అక్కడ నిబంధన స్పష్టంగా ఉంది. రెండంగుళాల చదరం, తెల్లటి బ్యాక్‌గ్రౌండు, డిజిటల్ మార్పులు కూడదు. మన జంటనగరాల నుంచి చదువులకు వెళ్లే పిల్లల్లో చెవి వెనక నీడ పడిందని ఫొటో తిరిగొచ్చినవాళ్లను నేను చూశాను. స్టూడియోవాడు మనిషిని గోడకు ఆనించి నిలబెట్టి ఎదురుగా ఒక్క ఫ్లాష్ కొట్టాడు, అంతే జరిగిన తప్పు. మనిషిని నాలుగడుగులు ముందుకు రమ్మని, రెండు పక్కల నుంచి సమానంగా లైటు వేసి, గోడకు విడిగా ఒక లైటిస్తే ఆ నీడే ఉండదు. లైటు తెలిసినవాడికి ఐదు నిమిషాల పని, తెలియనివాడికి ఫొటోషాప్‌లో అరగంట. ఆ అరగంట తర్వాత కూడా నిబంధనల ప్రకారం చెల్లదు.

అసలు పని మాత్రం వేరేచోట్ల ఉంది. పెళ్లిళ్లు సరే, ఎప్పుడూ ఉంటాయి. చీరలు, నగలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారులు జనరల్ బజారు నుంచి సందుసందుకీ ఉన్నారు. చీర అసలు రంగు ఫొటోలో రాకపోతే కొన్నవాళ్లు వెనక్కి పంపుతారు, నష్టం వాళ్లది. కాబట్టి రంగు సరిగ్గా చూపించేవాడి విలువ వాళ్లకు బాగా తెలుసు. హైటెక్ సిటీ కంపెనీలకు ఉద్యోగుల పోర్ట్రెయిట్లు కావాలి. సినిమా స్టిల్స్, పోస్టర్ షూట్లు, వెబ్ సిరీస్‌లు. వీటన్నిటిలోనూ కెమెరా పట్టేవాడు ఒక్కడు, లైట్లు పట్టేవాళ్లు నలుగురైదుగురు. లోపలికి వెళ్లే తలుపు ఆ నలుగురి వైపే ఉంది. ఓపిక, మార్కులు, ఇంట్లో వెసులుబాటు ఉంటే మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ బీఎఫ్‌ఏ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ తమ్ముళ్లకు చెప్పండి. ఇప్పటికే ఒక డిగ్రీ చేతిలో ఉన్న మీరు మళ్లీ నాలుగేళ్లు కూర్చోవాలా అంటే, నా ఓటు స్టూడియోలో అసిస్టెంటుగా చేరడానికే.

తొలి ఏడాది జీతం మీ క్లాస్‌మేట్ సాఫ్ట్‌వేర్ జీతం ముందు నిలవదు. పెట్రోలుకు సరిపోతే గొప్ప. అందుకే పార్ట్‌టైమ్‌గా మొదలుపెట్టండి, ఉద్యోగ ప్రయత్నాలు ఆపకండి. ఒక్క హెచ్చరిక. "నేర్పిస్తున్నాం కదా, జీతమెందుకు?" అనే ఓనర్లు ఉంటారు. నెల రోజులు సరే. రెండో నెల కూడా అదే పాట పాడితే, లైటు తుడిపించడం తప్ప పెట్టనివ్వకపోతే, నమస్కారం చెప్పి పక్క వీధికి వెళ్లండి. నేను అలా చెప్పలేక ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

ఎప్పుడు వెళ్లి అడగాలో కూడా చెబుతా, ఇది ఎవరూ చెప్పరు. మాఘంలోనో శ్రావణంలోనో వెళ్తే ఓనరు మీ ముఖం కూడా చూడడు, ముహూర్తాల మీద ముహూర్తాలు. ఆషాఢంలో వెళ్లండి. పెళ్లిళ్లు ఉండవు, లైట్లు మూలన ఉంటాయి, స్టూడియోలో టీ తాగుతూ మాట్లాడే తీరిక అందరికీ ఉంటుంది. శ్రావణం వచ్చేసరికి వాళ్లకు చేతులు కావాలి, అప్పటికి మీరు అక్కడ ఉంటారు. వెళ్లేటప్పుడు ఇన్‌స్టాలోని సూర్యాస్తమయాలు చూపించకండి, అవి అందరి దగ్గరా ఉన్నాయి. ఒక్క లైటుతో తీసిన పది ఫొటోలు ప్రింటు తీసుకెళ్లండి. మీ నాన్నమ్మది, వాచ్‌మన్ తాతది, కళ్లజోడు పెట్టుకున్న స్నేహితుడిది. అన్నిటికన్నా పైన ఆ వంకాయ ఫొటో పెట్టండి. లైటన్నలాంటివాళ్లు ఎవరైనా ఆ స్టూడియోలో ఉంటే, మిగతా తొమ్మిదీ చూడకముందే "ఈ సాఫ్ట్‌బాక్సు ఎంత దూరంలో పెట్టావ్?" అని అడుగుతారు.